చలి ఉదయాన పాత బుల్లెట్ ఎందుకు మొరాయిస్తుంది? కార్బొరేటర్ బండిలో లోపాన్ని కనిపెట్టడం ఎలా?

డిసెంబరు, జనవరి నెలల్లో ఆదిలాబాద్, అరకు, లంబసింగి వంటి చోట్ల తెల్లవారుజామున ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే. రాత్రంతా మంచులో నిలిచిన పాత మోటార్ సైకిల్ ఆ వేళకు ఒక్క కిక్కుతో లేవడం అరుదు. పది కిక్కులు కొట్టి, చెమటలు పట్టి, చివరకు నలుగురి చేత తోయించుకోవడం కార్బొరేటర్ బండ్ల యజమానులకు కొత్త అనుభవం కాదు.

ఆ తరువాత జరిగేదే అసలు నష్టం. లోపం ఎక్కడుందో తేల్చకుండానే కార్బొరేటర్ విప్పేస్తారు, జెట్లలో తీగలు పెట్టి పొడుస్తారు, చివరకు "ఇది పనికిరాదు, కొత్తది వేయాలి" అంటారు. నలభై ఏళ్లు నడిచిన అసలు విడిభాగం అలా తుక్కులోకి పోతుంది. దాని స్థానంలో వచ్చే నకిలీ సరుకుతో బండి ఇంకా మొండికేస్తుంది. కొందరు విసిగి, తండ్రి కాలం నాటి బండిని కిలోల లెక్కన అమ్మేస్తున్నారు. అయితే చలిలో స్టార్ట్ కాకపోవడానికి కారణాలు లెక్కకు మించినవేమీ కావు. వరుసగా వెదికితే వాటిలో ఎక్కువ భాగం ఇంట్లోనే బయటపడతాయి.

ఈ వ్యాసానికి ఉదాహరణగా రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350ని తీసుకున్నాం. 1955లో మద్రాస్ మోటార్స్ సంస్థ, ఇంగ్లండ్‌లోని రెడిచ్ కంపెనీ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పాయి. చెన్నైలోని తిరువొత్తియూరు కర్మాగారం నుంచి వచ్చిన ఈ బండి ఇంజన్ 346 సీసీ. సిలిండర్ వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణం 90 మిల్లీమీటర్లు. పోత ఇనుము సిలిండర్ ఉన్న ఈ పాత ఇంజన్ 2010 ప్రాంతం వరకు కొనసాగింది. వీటిలో చాలావాటికి 24 మిల్లీమీటర్ల మిక్‌కార్బ్ కార్బొరేటర్, బ్యాటరీతో పనిచేసే కాయిల్, కాంటాక్ట్ బ్రేకర్ పాయింట్లు ఉంటాయి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌తో వచ్చిన తరువాతి మోడళ్లకు పాయింట్ల గురించి చెప్పిన భాగం వర్తించదు.

చలికీ పెట్రోలుకూ ఏమిటి సంబంధం?

ద్రవరూపంలో ఉన్న పెట్రోలు మండదు. అది ఆవిరై గాలిలో కలిసినప్పుడే నిప్పురవ్వకు అంటుకుంటుంది. పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక పాలు ఇంధనానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఈ లెక్క సరిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు పెట్రోలులోని తేలికైన భాగాలు మాత్రమే ఆవిరవుతాయి. మిగిలినది సిలిండర్ గోడలకూ, లోపలికి వచ్చే దారి గోడలకూ చెమటలా అంటుకుపోతుంది. కార్బొరేటర్ సరిగ్గానే కొలిచి పంపినా, రవ్వ పుట్టే చోటుకు చేరే ఆవిరి చాలదు. అందుకే చల్లని ఇంజన్‌కు మామూలు కంటే అనేక రెట్లు ఎక్కువ పెట్రోలు ఇవ్వాలి. ఆ పని చేసేదే చోక్.

దీనికి మరో రెండు ఇబ్బందులు తోడవుతాయి. చలికి ఇంజన్ ఆయిల్ చిక్కబడి పిస్టన్ కదలికకు అడ్డుపడుతుంది. బ్యాటరీ శక్తి కూడా తగ్గుతుంది. వేసవిలో ఎలాగో నెట్టుకొచ్చిన బలహీనమైన బ్యాటరీ, అరిగిన ప్లగ్గు చలికాలంలో బయటపడేది ఇందుకే. చలి కొత్త లోపాన్ని తెచ్చిపెట్టదు, ఉన్నదాన్ని పైకి తెస్తుంది.

చోక్ వేసి ఎక్సలేటర్ తిప్పితే ఏమవుతుంది?

పాత బండ్ల విషయంలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. మిక్‌కార్బ్‌లో చోక్ అంటే గాలిని మూసే మూత కాదు. అది విడిగా ఉన్న ఒక చిన్న ఇంధన మార్గం. కార్బొరేటర్ పక్కనున్న మీటను పైకెత్తితే ఒక చిన్న ప్లంజర్ లేచి ఆ మార్గం తెరుచుకుంటుంది. ఫ్లోట్ బౌల్‌లోంచి పెట్రోలు దాని గుండా పైకి వచ్చి, కొంత గాలితో కలిసి, థ్రాటిల్ స్లయిడ్‌కు ఇంజన్ వైపున బయటపడుతుంది. అలా పైకి రావాలంటే అక్కడ బలమైన పీల్పు ఉండాలి. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడే ఆ పీల్పు పుడుతుంది. ఎక్సలేటర్ తిప్పితే గాలికి పెద్ద దారి దొరుకుతుంది, పీల్పు పడిపోతుంది, చోక్ ఉన్నా లేనట్టే అవుతుంది.

అంటే చోక్ వేశాక ఎక్సలేటర్‌ను ముట్టుకోకూడదు. కిక్కు కొడుతూ ఎక్సలేటర్ తిప్పే అలవాటును మానుకుంటే చాలు, చాలా బండ్ల 'చలి జబ్బు' నయమవుతుంది.

ఇంకా పాత కాలపు అమాల్ తరహా కార్బొరేటర్లలో పద్ధతి వేరు. వాటి ఫ్లోట్ గది మీద టిక్లర్ అనే చిన్న బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే ఫ్లోట్ కిందికి దిగి, బౌల్‌లో పెట్రోలు మట్టం పెరుగుతుంది. పెట్రోలు చెమ్మ కనిపించగానే ఆపేయాలి. నేల మీద మడుగు కట్టేదాకా నొక్కితే నిప్పు ప్రమాదం.

కిక్కు కొట్టడానికీ ఒక వరుస ఉంది

ముందు పెట్రోలు ట్యాప్ తిప్పి అర నిమిషం ఆగండి. ఖాళీ అయిన ఫ్లోట్ బౌల్ నిండడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. క్లచ్ లీవర్ నొక్కి పట్టుకొని ఒకటి రెండుసార్లు కిక్కర్‌ను కిందికి తొక్కండి. రాత్రంతా చల్లని ఆయిల్‌లో అతుక్కున్న క్లచ్ ప్లేట్లు దీనితో విడిపోతాయి. తరువాత చోక్ పైకెత్తి, తాళంచెవి తిప్పకుండానే, డీకంప్రెసర్ పట్టుకొని రెండు మూడు కిక్కులు కొడితే సిలిండర్‌లోకి పెట్రోలు ఆవిరి చేరుతుంది.

ఇప్పుడు తాళంచెవి తిప్పి హెడ్‌లైట్ పక్కనున్న అమ్మీటర్‌ను చూడండి. కిక్కర్‌ను కాలితో మెల్లగా కిందికి నెడుతుంటే ముల్లు ఎడమకు వాలుతుంది, ఒక చోట తిరిగి మధ్యకు వస్తుంది. పాయింట్లు అప్పుడే తెరుచుకున్నాయనీ, పిస్టన్ పైకొసకు దగ్గరలో ఉందనీ దాని అర్థం. ఇక కాలికి గట్టిగా అడ్డు తగులుతుంది. డీకంప్రెసర్ నొక్కి కిక్కర్‌ను మరి కాస్త మాత్రమే కిందికి జరిపి, లీవర్ వదిలేసి, కిక్కర్‌ను మళ్లీ పైదాకా రానివ్వండి. అప్పుడు ఒకే ఊపులో, కింది దాకా, నిండుగా తొక్కండి. గట్టిగా తన్నడం కాదు, బరువు మొత్తం మోపడం ముఖ్యం.

చెప్పులతో బుల్లెట్ కిక్కు కొట్టకూడదు. టైమింగ్ ముందుకు జరిగి ఉన్నా, పిస్టన్ పైకొస దాటకముందే తన్నినా కిక్కర్ వెనక్కి కొడుతుంది. ఆ దెబ్బకు మడమ బెణికినవారు, కాలి ఎముక విరిగినవారు ఉన్నారు.

ప్లగ్గు ఏం చెబుతుంది?

పద్ధతిగా ఏడెనిమిది కిక్కులు కొట్టినా బండి పలకకపోతే ఇక ఆగండి. ప్లగ్గు విప్పి కొన చూడండి. అది పొడిగా ఉందా, తడిగా ఉందా? మిగిలిన వెదుకులాట మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. తడిగా ఉండి పెట్రోలు వాసన వేస్తుంటే ఇంధనం చేరుతోంది కానీ మండడం లేదు. నల్లని మసి పొడిగా పట్టి ఉంటే చాలాకాలంగా పెట్రోలు ఎక్కువగా అందుతోందని అర్థం. జిడ్డుగా, ఆయిల్‌తో నల్లబడి ఉంటే రింగులో, వాల్వ్ గైడ్లో అరిగాయి. అది వేరే కథ.

తడి ప్లగ్గు కనిపించగానే కార్బొరేటర్ మీద చేయి వేయకండి. మెకానిక్ షెడ్లలో 'కార్బొరేటర్ కంప్లయింట్' అని రాసుకునే కేసుల్లో గణనీయమైన భాగం కరెంటు లోపాలే అన్నది మా అభిప్రాయం.

రవ్వను పరీక్షించడానికి ప్లగ్గును క్యాప్‌కు తగిలించి, దాని మరలు సిలిండర్ హెడ్ ఇనుముకు తగిలేలా ఆనించి కిక్కు కొట్టాలి. ప్లగ్గు తీసిన రంధ్రానికి దూరంగా ఆనించడం తప్పనిసరి, లేదంటే అక్కడి నుంచి వచ్చే పెట్రోలు ఆవిరి అంటుకుంటుంది. రవ్వ నీలంగా, చిటపటమంటూ దూకాలి. పచ్చగా, ఎర్రగా, సన్నగా ఉంటే బలహీనమే. బయటి గాలిలో బలహీనంగా కనిపించే రవ్వ సిలిండర్ లోపలి ఒత్తిడిలో అసలు పుట్టకపోవచ్చు. పాయింట్లున్న బుల్లెట్‌కు ప్లగ్గు గ్యాప్ 0.45 నుంచి 0.50 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ముందుగా కొత్త ప్లగ్గు వేసి చూడడమే అన్నింటికంటే చవకైన పరీక్ష.

అమ్మీటర్ ముల్లే వైద్యుడు

కొత్త బండ్లలో కనుమరుగైన ఈ చిన్న గడియారం నిజానికి ఒక పరీక్షా పరికరం. తాళంచెవి తిప్పి కిక్కర్‌ను మెల్లగా నెడుతూ ముల్లు కదలికను గమనిస్తే ఇగ్నిషన్‌లో లోపం ఎక్కడుందో సగం తెలిసిపోతుంది.

ముల్లు అటూ ఇటూ ఊగితే పాయింట్లు మూసుకుని తెరుచుకుంటున్నాయి, కాయిల్‌కు కరెంటు అందుతోంది. ముల్లు అసలు కదలకపోతే కరెంటు కాయిల్ దాకా రావడం లేదు, లేదా పాయింట్లు మూసుకున్నా వాటి మధ్య కరెంటు పారడం లేదు. ఫ్యూజు, బ్యాటరీ తీగల బిగింపు, తాళంచెవి స్విచ్, పాయింట్ల మొహాలు వరుసగా చూడాలి. ముల్లు ఎడమకు వాలి అక్కడే ఉండిపోతే పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేదా కండెన్సర్ లోపల షార్ట్ అయింది. కండెన్సర్ తీగ విడదీసి మళ్లీ చూస్తే ఆ రెంటిలో ఏదో తేలిపోతుంది. ఈ పరీక్షలు చేసేటప్పుడు తాళంచెవిని ఎక్కువసేపు తిప్పి ఉంచకండి. పాయింట్లు మూసి ఉంటే కాయిల్ వేడెక్కుతుంది, బ్యాటరీ దిగిపోతుంది.

బండి నెలల తరబడి నిలిచిపోతే పాయింట్ల మొహాల మీద కంటికి కనిపించని తుప్పు పొర కడుతుంది. అది చాలు రవ్వ రాకుండా పోవడానికి. పాయింట్లను తెరిచి, మధ్యలో శుభ్రమైన గట్టి కాగితం ముక్క పెట్టి, మూసి, రెండు మూడుసార్లు లాగితే పొర పోతుంది. గుంతలు పడి ఉంటే సన్నని ఎమరీ కాగితంతో రుద్ది, ఆ పొడిని పూర్తిగా తుడవాలి. పూర్తిగా తెరుచుకున్నప్పుడు వాటి మధ్య ఖాళీ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. ఈ ఖాళీ పెరిగితే టైమింగ్ ముందుకు జరిగి కిక్కు వెనక్కి కొడుతుంది. కాలక్రమంలో పాయింట్ల మడమ అరిగి ఖాళీ తగ్గితే టైమింగ్ వెనక్కి పోయి బండి బద్ధకిస్తుంది. పాయింట్ల వెనక ఉండే ఆటో అడ్వాన్స్ బరువులు చలికి గట్టిపడిన గ్రీజులో ఇరుక్కుపోవడం కూడా కిక్కు వెనక్కి కొట్టడానికి ఒక కారణమే.

ఇంజన్ తిరుగుతున్నప్పుడు పాయింట్ల మధ్య పెద్దపెద్ద రవ్వలు కనిపిస్తే కండెన్సర్‌ను అనుమానించండి. ఇక బ్యాటరీ సంగతి. నిండుగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ విశ్రాంతిలో దాదాపు 12.6 వోల్టులు, 6 వోల్టులది 6.3 వోల్టులు చూపాలి. హారన్ మూలుగుతుంటే వోల్టుమీటరు అక్కర్లేదు.

ప్లగ్గు పొడిగా ఉంటే

ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోతే లోపల శూన్యం ఏర్పడి పెట్రోలు దిగదు. మూత తీసి చూస్తే తెలుస్తుంది. పెట్రోలు గొట్టం విడదీసి, ట్యాప్ తిప్పి, ఒక గాజు సీసాలోకి పట్టండి. ధారగా రావాలి. సీసాను కాసేపు కదపకుండా ఉంచితే అడుగున నీరు, తుప్పు చేరాయేమో కనిపిస్తుంది.

అక్కడిదాకా బాగుంటే బౌల్ విప్పాల్సిందే. నెలల తరబడి నిలిచిన పెట్రోలు ఆవిరై, అడుగున జిగురులాంటి మడ్డి మిగులుతుంది. చోక్‌కు పెట్రోలు అందించే స్టార్టర్ జెట్టు, నిదానంగా తిరిగేటప్పుడు ఇంధనమిచ్చే పైలట్ జెట్టు ముందుగా మూసుకుపోతాయి, ఎందుకంటే వాటి రంధ్రాలు చాలా సన్నవి. ఇత్తడి జెట్లను సూదితో, తీగతో పొడవకండి. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా కొలత చెడుతుంది. కార్బొరేటర్ క్లీనర్‌లో నానబెట్టి, కంప్రెసర్ గాలితో ఊదడమే సరైన పద్ధతి. ఊదాక వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా, స్పష్టంగా కనిపించాలి.

ఎక్కువైనా కష్టమే

ఫ్లోట్ నీడిల్ కింద చిన్న ఇసుక రేణువు చిక్కుకున్నా, ఫ్లోట్‌కు చిల్లిపడి లోపలికి పెట్రోలు చేరినా బౌల్ పొంగి, రాత్రంతా పెట్రోలు సిలిండర్‌లోకి కారుతుంది. ఉదయం ప్లగ్గు తడిసి ముద్దవుతుంది. అప్పుడు చేయాల్సింది ముందు చెప్పినదానికి పూర్తి విరుద్ధం. పెట్రోలు ట్యాప్ కట్టేసి, చోక్ దించి, తాళంచెవి తీసేసి, ఎక్సలేటర్ పూర్తిగా తెరిచి, డీకంప్రెసర్ నొక్కి ఎనిమిది పది కిక్కులు కొట్టాలి. ప్లగ్గు విప్పి ఆరబెట్టి మళ్లీ బిగించాలి. బండిని నిలిపిన ప్రతిసారీ ట్యాప్ కట్టేసే పాత తరం అలవాటుకు అర్థం ఇదే.

బండి లేచిన తరువాత దాని ప్రవర్తన కూడా చూడాలి. నాలుగైదు నిమిషాలు తిరిగాక కూడా చోక్ దించగానే ఆగిపోతుంటే పైలట్ జెట్టు మూసుకుపోయిందో, కార్బొరేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య అతుకు నుంచి అదనపు గాలి లోపలికి పోతోందో అయి ఉంటుంది. ఆ అతుకు చుట్టూ కాస్త గ్రీజు పూసి, ఇంజన్ శబ్దం మారిందేమో వింటే గాలి లీకు దొరుకుతుంది. చలిలో కూడా చోక్ లేకుండానే తేలిగ్గా లేస్తుంటే సంతోషించకండి. చోక్ ప్లంజర్ పూర్తిగా మూసుకోవడం లేదు, లేదా ఫ్లోట్ మట్టం ఎక్కువగా ఉంది. పక్కనున్న ఎయిర్ స్క్రూ సాధారణంగా ఒకటిన్నర చుట్లు వెనక్కి తిప్పి ఉంటుంది. దాన్ని బిగిస్తే పెట్రోలు పాలు పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా కిక్కు గాలిలో తొక్కినట్టు తేలిపోతుంటే కంప్రెషన్ పోతోంది. ముందుగా డీకంప్రెసర్ కేబుల్‌లో కొంత వదులు ఉందో లేదో చూడండి, అది బిగుసుకుంటే వాల్వ్ కొద్దిగా తెరిచే ఉంటుంది. తరువాత టప్పెట్లు. చల్లని ఇంజన్‌లో పుష్‌రాడ్ వేళ్లతో తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. కిక్కు బరువెక్కి, లేచాక తెల్లని పొగ ధారాళంగా వస్తుంటే, నిలిచిన రోజుల్లో ఆయిల్ క్రాంక్ గదిలోకి దిగిందని అర్థం. కింది డ్రైన్ బోల్టు విప్పి తీసేయవచ్చు.

ఇథనాల్ కలిసిన పెట్రోలుతో

దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని కేంద్ర ప్రభుత్వం 2030 నుంచి 2025కు ముందుకు జరిపింది. నేడు బంకుల్లో దొరికేది చాలావరకు ఆ ఈ20 ఇంధనమే. పాత కార్బొరేటర్ బండ్లను దీని కోసం రూపొందించలేదు. ఇథనాల్ ఆవిరవడానికి పెట్రోలు కంటే దాదాపు రెండున్నర రెట్లు వేడి కావాలి. చల్లని ఇంజన్‌లో ఆ వేడి ఉండదు. పైగా ఇథనాల్‌కు ఒక పాలుకు 9 పాళ్ల గాలి చాలు. పెట్రోలు లెక్కకు అమర్చిన పాత జెట్లు ఈ20ని అందించినప్పుడు మిశ్రమం పలచబడుతుంది. కొత్త బండ్లలోని కంప్యూటర్ దీన్ని సరిచేసుకుంటుంది, కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు. ఎయిర్ స్క్రూను పావు చుట్టు బిగించి చూడడం, అవసరమైతే ఒక సైజు పెద్ద పైలట్ జెట్టు వేయించడం మెకానిక్‌తో మాట్లాడదగిన మార్పులు.

ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఎక్కువ నీరు చేరితే ఇథనాల్, నీరు కలిసి ట్యాంకు అడుగుకు దిగి పెట్రోలు నుంచి విడిపోతాయి. పెట్రోలు ట్యాప్ పీల్చేది అడుగు నుంచే. పాత రబ్బరు గొట్టాలు, నీడిల్ కొన, ఓరింగులు ఇథనాల్‌కు ఉబ్బడం, పగలడం చూస్తుంటాం. వాటిని ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్చడం మంచిది. నెల రోజులకు మించి బండి తీయకపోతే ట్యాప్ కట్టేసి ఇంజన్‌ను అలాగే తిరగనివ్వండి, బౌల్‌లోని పెట్రోలు అయిపోయి అదే ఆగుతుంది. బౌల్ కింది డ్రైన్ స్క్రూ విప్పి ఖాళీ చేసినా సరే.

జావా, యెజ్డీ, ఆర్ఎక్స్ 100 ఉన్నవారికి

ఇవి టూ స్ట్రోక్ బండ్లు. ప్లగ్గు తడి, పొడి పరీక్ష వీటికీ వర్తిస్తుంది. తేడా ఏమిటంటే వీటిలో మిశ్రమం ముందు క్రాంక్ గదిలోకి వెళ్లి తరువాత సిలిండర్‌కు చేరుతుంది. చోక్ అతిగా వాడితే ఆ గదిలోనే పెట్రోలు నిలిచి, ప్లగ్గు ఎన్నిసార్లు ఆరబెట్టినా మళ్లీ తడుస్తుంది. ట్యాప్ కట్టేసి, ప్లగ్గు విప్పి, ఎక్సలేటర్ తెరిచి ఇరవై కిక్కుల దాకా కొడితేనే తేరుకుంటుంది. క్రాంక్ ఆయిల్ సీళ్లు గట్టిపడితే అక్కడి నుంచి గాలి పీల్చుకుని, చలిలో లేవడానికి మొండికేస్తాయి. ఆ లోపానికి కార్బొరేటర్ ఎంత సవరించినా ఫలితం ఉండదు, సీళ్లు మార్చాల్సిందే.

ఏ బండి అయినా మూసిన గదిలో, మెట్ల కింద, తలుపులు వేసిన షెడ్డులో వేడెక్కించకండి. చోక్ మీద నడిచే ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ మామూలు కంటే ఎక్కువ. దానికి రంగు, వాసన ఉండవు. బండిని ఆరుబయటకు తోసుకొచ్చి, పెట్రోలు తుడిచిన గుడ్డలు, సీసాలు దూరంగా పెట్టాకే తాళంచెవి తిప్పండి.